మనసుంటే చాలదు, మోతాదూ కావాలి

సంపాదకుల వారికి,

ఏటా మే 31న, ప్రపంచ పొగాకు వ్యతిరేక దినం నాడు పత్రికల్లో వచ్చే వ్యాసాలన్నిటిదీ ఒకటే పల్లవి: మనసు గట్టి చేసుకుంటే సిగరెట్టు మానడం పెద్ద పనేం కాదు. సాక్ష్యంగా, రాత్రికి రాత్రి పెట్టె విసిరేసి మళ్లీ ముట్టని పెద్దమనిషి ఒకరు తప్పక ఉంటారు. అలాంటివారు ఉన్నమాట నిజమే. కానీ ఆ వ్యాసం చదివేవారిలో ఐదారుసార్లు మానబోయి ప్రతిసారీ మూడో రోజుకే ఓడిపోయినవారు అంతకంటే ఎక్కువమంది. వారికి అందులో వినిపించేది ‘లోపం నీదే’ అన్న మాట. ఆ లోపం ఎక్కడుందో వెతికితే చాలాసార్లు కాలేయంలోనో, మెదడులోనో, లేదా వాడిన మందు చాలకపోవడంలోనో దొరుకుతుంది.

ఎవరికి ఎంత కష్టమవుతుందో అంచనా వేయడానికి ‘రోజుకు ఎన్ని తాగుతారు?’ అని అడగడం అందరికీ అలవాటు. అంతకంటే పనికొచ్చే ప్రశ్న మరొకటుంది: నిద్ర లేచాక మొదటి సిగరెట్టు ఎంతసేపటికి వెలిగిస్తారు? నికోటిన్‌కు ఎంతగా బానిసయ్యారో కొలవడానికి 1991 నుంచి వాడుకలో ఉన్న ఫాగర్‌స్ట్రామ్ పరీక్షలో ఆరు ప్రశ్నలుంటాయి, మొత్తం 10 మార్కులు. లేచిన 5 నిమిషాల్లోపు వెలిగిస్తే 3, 6 నుంచి 30 నిమిషాల మధ్య అయితే 2, గంటలోపు అయితే 1, ఆ తర్వాతైతే సున్నా. రోజుకు తాగే సంఖ్యకు కూడా మార్కులున్నాయి: 10 వరకూ సున్నా, 11–20కి 1, 21–30కి 2, 30 దాటితే 3. మిగతా నాలుగు ప్రశ్నలకు తలా ఒక మార్కు. తొందరగా తేల్చాలంటే పైన చెప్పిన ఈ రెండూ చాలు.

లేచిన వెంటనే అన్నదానికి అంత విలువ ఎందుకంటే, రక్తంలో నికోటిన్ దాదాపు 2 గంటలకోసారి సగానికి పడిపోతుంది. 8 గంటలు నిద్రపోతే నాలుగుసార్లు సగమై, పదహారో వంతు మిగులుతుంది. కళ్లు తెరవగానే అగ్గిపెట్టె కోసం తడుముకునే మనిషి అప్పటికే నికోటిన్ లేమిలో ఉన్నాడన్నమాట. సంఖ్య ఇంత నమ్మకంగా చెప్పదు. ఆఫీసులో కుదరక ఇరవై నుంచి పదికి తగ్గించినవారు ఆ పదింటినీ చివరిదాకా, లోతుగా లాగుతారు. ఒక సిగరెట్టు నుంచి ఒంట్లోకి చేరేది సగటున 1 నుంచి 1.5 మిల్లీగ్రాములే అయినా, దమ్ము గట్టిగా లాగేవారు దాన్లోంచే ఇంకా ఎక్కువ రాబట్టగలరు. ‘లైట్’ అని అమ్మిన సిగరెట్లు కూడా ఇలాగే మోసగించాయి. ఫిల్టర్ మీది సన్నటి రంధ్రాలు యంత్రం పరీక్షించేటప్పుడు తెరుచుకుని ఉంటాయి, మనిషి తాగేటప్పుడు వేళ్లకిందా పెదవులకిందా మూసుకుపోతాయి.

ఇక కాలేయం సంగతి. ఒంట్లో చేరిన నికోటిన్‌లో 70–80 శాతం కొటినిన్ అనే పదార్థంగా మారిపోతుంది. ఆ పని చేసేది ముఖ్యంగా సీవైపీ2ఏ6 అనే ఎంజైమ్. ఈ ఎంజైమ్ వేగం అందరిలో ఒకేలా ఉండదు, జన్యువులను బట్టి మారుతుంది. వేగంగా పనిచేసేవారిలో నికోటిన్ తొందరగా కరిగిపోతుంది, యావ తొందరగా తిరిగొస్తుంది, కాబట్టి ఎక్కువ తాగుతారు, మానడమూ కష్టమవుతుంది. నెమ్మదిగా పనిచేసేవారికి ఒక్క సిగరెట్టు ప్రభావమే చాలాసేపు నిలుస్తుంది. సగటున పురుషుల కంటే స్త్రీలలో ఈ ఎంజైమ్ వేగం ఎక్కువ, దానికి ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ కారణం. గర్భనిరోధక మాత్రలు వాడితే మరింత పెరుగుతుంది, గర్భంతో ఉన్నప్పుడు ఇంకా పెరుగుతుంది. కడుపులో బిడ్డ ఉన్నా మానలేదని ఇంటిల్లిపాదీ తిట్టే తల్లి ఒంట్లో, సరిగ్గా ఆ నెలల్లోనే నికోటిన్ అందరికంటే వేగంగా ఖర్చవుతోందని ఆ తిట్టేవారిలో ఎవరికీ తెలియదు.

ఈ వేగాన్ని కొలిచే పద్ధతి ఉంది. రక్తంలోగాని లాలాజలంలోగాని కొటినిన్, దాన్నుంచి పుట్టే హైడ్రాక్సీకొటినిన్ ఏ నిష్పత్తిలో ఉన్నాయో చూస్తారు. 1,246 మందితో చేసి 2015లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఎంజైమ్ మామూలు వేగంతో ఉన్నవారికి ప్యాచ్ (చర్మానికి అంటించే నికోటిన్ పట్టీ) కంటే, పొగ మాన్పించడానికి ఇచ్చే వరెనిక్లిన్ అనే మాత్ర బాగా పనిచేసింది. నెమ్మదిగా ఉన్నవారికి రెండూ ఒకేలా పనిచేశాయి, మాత్రతో దుష్ఫలితాలు మాత్రం ఎక్కువ. అంటే పక్కింటాయనకు ప్యాచ్‌తో పని జరిగిందని మనకూ జరగాలని లేదు.

జన్యువుల మాట వచ్చింది కాబట్టి మరొకటి. 15వ క్రోమోజోమ్ మీద సీహెచ్‌ఆర్‌ఎన్‌ఏ5 అనే జన్యువుంది. అందులో ఒక మార్పు ఉన్నవారు ఎక్కువ సిగరెట్లు తాగుతారని 2008లో బయటపడింది. నికోటిన్ ఎక్కువైతే ‘ఇక చాలు’ అనిపించే వెగటు వీరిలో బలహీనంగా ఉంటుంది, బ్రేకు సరిగా పడని బండిలాగా. కవలల మీద చేసిన అధ్యయనాలు చూస్తే నికోటిన్ బానిసత్వంలో దాదాపు సగం వంశపారంపర్యమే. మిగతా సగం ఏ వయసులో మొదలుపెట్టారు, ఇంట్లో ఇంకెవరు తాగుతారు, మద్యం అలవాటుందా, డిప్రెషన్ లాంటి జబ్బేమైనా ఉందా అన్నవాటితో ముడిపడి ఉంటుంది. వీటిలో ఇంట్లో మరొకరు తాగడాన్ని తక్కువగా చూస్తారుగానీ, మానిన మొదటి నెలలో బల్ల మీద కనబడే పెట్టె, పక్కగదిలోంచి వచ్చే వాసన చాలా పెద్ద అడ్డంకులు.

మెదడులో నికోటిన్ తగులుకునే గ్రాహకాలు పొగతాగేవారిలో సంఖ్యలో పెరిగి ఉంటాయి. మానాక మామూలు స్థాయికి రావడానికి వారాలు పడుతుంది. మందులను రెండు మూడు నెలలు వాడమనడానికి ఇదొక కారణం. లేమి లక్షణాలు ఆఖరి సిగరెట్టు తర్వాత కొన్ని గంటల్లోనే మొదలై, రెండు మూడు రోజులకు పతాకస్థాయికి చేరి, మూడు నాలుగు వారాల్లో చాలావరకూ సద్దుమణుగుతాయి. ఆకలి మాత్రం అంతకంటే ఎక్కువకాలం వేధిస్తుంది. యావ ఉప్పెనలా వచ్చినా ఒక్కో అల కొన్ని నిమిషాలే ఉంటుంది.

ఇక్కడ కాఫీ గురించి చెప్పాలి, ఎందుకంటే దీన్ని వైద్యులు కూడా మరచిపోతుంటారు. పొగలోని తారు పదార్థాలు కాలేయంలో సీవైపీ1ఏ2 అనే మరో ఎంజైమ్‌ను ఉరకలెత్తిస్తాయి. కెఫీన్‌ను కరిగించేది అదే. పొగ మానిన కొద్దిరోజుల్లో దాని వేగం తగ్గిపోతుంది. తాగే కాఫీ పాతదే, కప్పులూ పాతవే, రక్తంలో కెఫీన్ మాత్రం దాదాపు రెట్టింపు. గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమి మొదలై ‘సిగరెట్టు మానడం నా ఒంటికి పడలేదు’ అనుకుని మళ్లీ వెలిగించేవారున్నారు. మానే రోజు నుంచే కాఫీ సగానికి తగ్గిస్తే ఈ గొడవ ఉండదు. మానసిక జబ్బులకు వాడే క్లోజపిన్, ఒలాంజపిన్, ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ వంటి మందులను కరిగించేదీ ఈ ఎంజైమే. అవి వాడేవారు మానబోయే ముందే వైద్యుడికి చెప్పి మోతాదు సరిచేయించుకోవాలి, లేకపోతే మందు రక్తంలో పేరుకుపోతుంది. ఇది పొగ చేసే పని, నికోటిన్‌ది కాదు. కాబట్టి ప్యాచ్ అంటించుకున్నా ఈ మార్పు ఆగదు.

మానసిక జబ్బులున్నవారికి మానడం కష్టమన్నది నిజం. వారికి మాన్పించే మందులు ఇవ్వకూడదన్నది మాత్రం పాతబడిన భయం. ఈ మందుల మీద 8,144 మందితో చేసిన ఈగిల్స్ అనే పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. వారిలో సగంమంది మానసిక సమస్యలున్నవారే. ప్యాచ్‌తోగాని, ఉత్తుత్తి మాత్రతోగాని పోలిస్తే వరెనిక్లిన్ వల్లగాని, పొగ మాన్పించే మరో మాత్ర బుప్రోపియాన్ వల్లగాని తీవ్రమైన మానసిక దుష్ఫలితాలు చెప్పుకోదగినంతగా పెరగలేదు. అన్నిటికంటే ఎక్కువమందిని మాన్పించింది వరెనిక్లిన్.

‘అన్నీ వాడాను, ఏదీ పనిచేయలేదు’ అనేవారిని ఎలా వాడారని అడిగి చూడండి. నికోటిన్ గమ్‌ను మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలేసి ఉంటారు. అలా నమిలితే నికోటిన్ ఉమ్మితో కడుపులోకి పోతుంది. ఎక్కిళ్లు, గుండెమంట, వికారం వస్తాయి. కడుపులోంచి వెళ్లిందాన్ని కాలేయం చాలావరకు మధ్యలోనే విరిచేస్తుంది, మెదడుకు చేరేది కొంచెమే. నెమ్మదిగా నమలాలి. మిరియం కొరికినట్టు నోరు చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య దాచాలి. నిమిషానికి ఆ చురుకు తగ్గాక మళ్లీ నాలుగుసార్లు నమిలి రెండోవైపు దాచాలి. ఒక్కో గమ్‌కు ఇలా అరగంట. నమలడానికి 15 నిమిషాల ముందు నుంచీ, నోట్లో ఉన్నంతసేపూ మంచినీళ్లు తప్ప మరేమీ ముట్టకూడదు. కాఫీ, పండ్లరసం, కూల్‌డ్రింకులు నోటిని పుల్లబరుస్తాయి, పుల్లటి నోట్లో నికోటిన్ ఇంకదు.

లేచిన అరగంటలోపు వెలిగించేవారికి 4 మిల్లీగ్రాముల గమ్ కావాలి, తర్వాత వెలిగించేవారికి 2 చాలు. మొదటి ఆరు వారాలు గంట, రెండు గంటలకొకటి, రోజుకు కనీసం తొమ్మిది. 24కు మించకూడదు. తర్వాత మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకొకటి, ఆ తర్వాత మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకొకటి. పనిచేయలేదన్నవారు చాలామంది రోజుకు మూడు నాలుగు నమిలి, రెండో వారంలో ఆపేసినవారే. ఇంకో పొరపాటు, యావ ముదిరాక నమలడం. దమ్ము లాగితే నికోటిన్ 10–20 సెకన్లలో మెదడుకు చేరుతుంది, గమ్‌కు ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. భోజనం తర్వాత తప్పక తాగే అలవాటుంటే, చేయి కడుక్కోగానే నమలడం మొదలుపెట్టాలి.

రోజుకు పదికి మించి తాగేవారికి ప్యాచ్ 21 మిల్లీగ్రాములతో మొదలవుతుంది: ఆరు వారాలు 21, రెండు వారాలు 14, రెండు వారాలు 7. పది, అంతకంటే తక్కువ తాగేవారికి ఆరు వారాలు 14, రెండు వారాలు 7. పొడిగా, వెంట్రుకలు లేని చోట అరచేత్తో పది సెకన్లు అదిమి అంటించాలి, రోజూ చోటు మార్చాలి. మొదట్లో కాస్త దురద మామూలే. పీడకలలతో నిద్ర చెడితే పడుకునేముందు తీసేయవచ్చు. అయితే లేవగానే వెలిగించేవారికి రాత్రంతా ఉండటమే మేలు. ప్యాచ్ ఒక్కటే వాడటం కంటే, దాన్ని ఆధారంగా ఉంచుకుని యావ వచ్చే వేళలకు గమ్ జోడిస్తే మానేవారి సంఖ్య పెరుగుతుంది. రెండూ కలిపితే నికోటిన్ ఎక్కువైపోతుందేమోనని జంకుతారుగానీ, గట్టిగా బానిసైనవారిలో ఎక్కువగా కనిపించేది చాలకపోవడమే. క్యాన్సర్ తెచ్చేది పొగలోని విషాలు, నికోటిన్ కాదు. గర్భిణులు, ఇటీవల గుండెపోటు వచ్చినవారు మాత్రం వైద్యుణ్ని అడిగే వాడాలి.

వరెనిక్లిన్ గ్రాహకాన్ని సగం మాత్రమే తట్టి లేపుతుంది. అందుకే యావ తగ్గుతుంది, మధ్యలో వెలిగించినా రుచి తెలియదు. మూడు రోజులు 0.5 మిల్లీగ్రాములు ఒకపూట, నాలుగు రోజులు రెండుపూటలా, ఎనిమిదో రోజు నుంచి 1 మిల్లీగ్రాము రెండుపూటలా, మొత్తం 12 వారాలు. సిగరెట్టు మానేది మామూలుగా ఎనిమిదో రోజున. ఖాళీ కడుపుతో వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, తిన్నాక గ్లాసు నిండా నీళ్లతో వేసుకోవాలి. మూత్రపిండాల జబ్బు ముదిరితే మోతాదు తగ్గించాలి. బుప్రోపియాన్ మూర్ఛ ఉన్నవారికి పనికిరాదు.

కొద్దికొద్దిగా తగ్గించాలా, ఒక్కసారే ఆపాలా అన్న వాదం ఎప్పుడూ ఉండేదే. 697 మందితో చేసి 2016లో ప్రచురించిన పరీక్షలో నాలుగు వారాల తర్వాత, ఒక్కసారే ఆపినవారిలో 49 శాతం, రెండు వారాలపాటు తగ్గిస్తూ వచ్చి ఆపినవారిలో 39 శాతం మానినట్టు తేలింది. రెండు గుంపులకూ మందులు, సలహా ఇచ్చారన్నది మరవకూడదు. ఏ సాయమూ లేకుండా మానబోయేవారిలో ఆరునెలల నుంచి ఏడాది దాకా నిలిచేది నూటికి ముగ్గురు నుంచి ఐదుగురే. రాత్రికి రాత్రి పెట్టె విసిరేసిన పెద్దమనిషి ఆ ముగ్గురిలోనో ఐదుగురిలోనో ఒకరు.

మధ్యలో ఒకటి వెలిగిస్తే అంతా అయిపోయిందని ప్యాచ్ పీకి పారేయడం అన్నిటికంటే ఖరీదైన తప్పు. ప్యాచ్ అలాగే ఉంచి, ఎన్ని గంటలకు, ఎవరితో ఉండగా, చేతిలో ఏముండగా వెలిగించారో రాసుకోవాలి. ఉదయం పూట జారితే రాత్రి ప్యాచ్ తీయడం మానాలి. సాయంత్రమైతే ఆ వేళకు అరగంట ముందు గమ్ పెట్టాలి. మద్యం దగ్గరైతే మొదటి నెల ఆ బల్ల దగ్గరికే వెళ్లకూడదు.

వచ్చే మే 31న మీ పత్రికలో విజయగాథతో పాటు ఓ చిన్న పెట్టె కట్టి, ఫాగర్‌స్ట్రామ్ పరీక్షలో నేను పైన చెప్పిన ఆ రెండు ప్రశ్నలు, వాటి మార్కులు, గమ్ నమిలే పద్ధతి అచ్చు వేయమని కోరుతున్నాను. రెండింటికీ కలిపి 4 మార్కులు దాటినవారు వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ముక్క కత్తిరించి పట్టుకెళ్లవచ్చు.

భవదీయుడు,
పొగాకు విరమణ చికిత్సలో పనిచేస్తున్న ఒక పాఠకుడు