పక్షుల క్యాంపుకు ఫీజు మాఫీ ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో 13 నుంచి 18 ఏళ్ల పిల్లల కోసం అమెరికన్ బర్డింగ్ అసోసియేషన్ డెలావేర్, కొలరాడో రాష్ట్రాల్లో వేసవి పక్షి క్యాంపులు నడుపుతోంది. డబ్బు లేని పిల్లలకు స్కాలర్‌షిప్పులూ ఉంటాయి. మన దగ్గరా అలాంటిది రావాలని గట్టిగా కోరుకుంటున్నాం. అయితే ఇచ్ఛాపురం, బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల పిల్లలకు స్కాలర్‌షిప్ ఇవ్వాలనుకునే దాతలు ఒక విషయం గమనించాలి. ఫీజు కట్టేసినంత మాత్రాన పేదింటి పిల్ల క్యాంపుకు చేరలేదు.

మొదటి అడ్డంకి దారిఖర్చు. "ముందు మీరు పెట్టుకోండి, టికెట్లు చూపిస్తే తర్వాత ఇస్తాం" అనే పద్ధతి ఉన్నచోట పేద పిల్లలు దరఖాస్తే పెట్టరు. పిల్లకూ, దిగబెట్టే పెద్దమనిషికీ రానుపోను ఖర్చు బయల్దేరక ముందే చేతికివ్వాలి. అందరినీ కలుపుకొచ్చే ఊరు నౌపడ. గుణుపురం నుంచి పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి మీదుగా వచ్చే రైలు మార్గం అక్కడే హౌరా–చెన్నై లైనులో కలుస్తుంది. బరంపురం, ఇచ్ఛాపురం, పలాస పిల్లలూ రైల్లోనే రావచ్చు. అక్కడి నుంచి బస్సు నిర్వాహకులే పెట్టాలి.

రెండోది తేదీలు. ఏప్రిల్, మే నెలల్లో ఉద్దానంలో జీడి పిక్కల పని. ఇంటిల్లిపాదీ తోటలో ఉండే రోజుల్లో పిల్లను ఐదు రోజులు పంపమంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? మే చివరి వారానికి ఆ పని తగ్గుతుంది కానీ రోహిణి కార్తె ఎండలు మొదలవుతాయి. పైగా టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు గూళ్లు కట్టేది చలికాలంలో. వేసవికి చెట్లు ఖాళీ. చిలికా సరస్సుకు వచ్చే సూదితోక బాతులు, పట్టీతల బాతులు కూడా అప్పటికి ఉత్తరానికి వెళ్లిపోతాయి. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి ఓపెన్‌బిల్ కొంగలు రావాలంటే వానలు పడాలి. మేలో పిల్లల్ని ఈ చోట్లకు తీసుకెళ్తే చూపించడానికి పెద్దగా ఏమీ ఉండదు, వడదెబ్బ మాత్రం తగలవచ్చు.

కాబట్టి వేసవి క్యాంపు కొండల మీదే పెట్టాలి. ఒడిశా గజపతి జిల్లాలోని మహేంద్రగిరి ఎత్తు సుమారు 1,500 మీటర్లు. మే, జూన్‌లలో కొండ అడవుల్లో స్థానిక పక్షులు జతకట్టి కూస్తుంటాయి. వంగపండు పిట్ట, కుటురు పిట్ట, వానల ముందు వచ్చే నవరంగ్ పిట్ట అన్నీ కూతతోనే దొరుకుతాయి. పిల్లలకు ముందు చెవి తయారవడం మంచిదని మా అభిప్రాయం. పరిశీలన ఉదయం ఐదున్నర నుంచి తొమ్మిది వరకే. మధ్యాహ్నం తర్వాత ఉరుములు, పిడుగుల భయం ఉంటుంది కనుక రెండు గంటలకల్లా అందరూ పక్కా కప్పు కింద ఉండాలి. ఏజెన్సీలో మలేరియా ఉంది, దోమతెరలు ఖర్చులో రాయాల్సిందే. పది మంది పిల్లలకు ఇద్దరు పెద్దలు, వారిలో ఒక మహిళ తప్పనిసరి. గూటి దగ్గరకు వెళ్లడం, ఫోన్లో కూత వినిపించి పక్షిని పిలవడం పూర్తిగా నిషేధించాలి. తల్లి పక్షి గూడు వదిలి ఎగిరిపోతే ఎండకు దాని పిల్లలు మాడిపోతాయి, గుడ్లు కాకుల పాలవుతాయి.

నీటిపక్షులే చూపించాలనుకుంటే జనవరి మేలు. ఆసియా నీటిపక్షుల గణన జరిగేది ఆ నెలలోనే. దసరా సెలవులు మాత్రం వద్దు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు మూడూ అక్టోబర్ 11, 12 తేదీల్లోనే తీరం దాటాయి.

ఎంపిక గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. మార్కులు చూసి పంపితే బడిలో ఎప్పుడూ ముందుండే ముగ్గురే ఇక్కడికీ వస్తారు. ఇంగ్లిషులో వ్యాసం రాయమంటే సవర పిల్లలు, ఒడియా బడిలో చదివే తెలుగు పిల్లలు మొదటి మెట్టులోనే ఆగిపోతారు. దాని బదులు వారం రోజులు, రోజూ ఒకే చోట, ఒకే వేళకు పావుగంట కూర్చుని చూసింది రాయమనండి. ఎన్ని పక్షులు, ఏం చేస్తున్నాయి, ఏ చెట్టు మీద. పేరు తెలియకపోతే బొమ్మ చాలు, ఇంట్లో పిలిచే పేరైనా చాలు. ఏ భాషైనా సరే. కాకినే ఏడు రోజులు శ్రద్ధగా చూసిన పిల్ల, పుస్తకం చూసి ముప్పై పేర్లు ఎక్కించిన పిల్లకంటే అర్హురాలు. ఆదాయ ధ్రువపత్రం కోసం ఆఫీసుల చుట్టూ తిప్పకుండా రేషన్ కార్డుతో సరిపెట్టాలి.

బైనాక్యులర్లు ఇద్దరికొకటి చాలు, కానీ 8×42 రకమే (8 రెట్లు పెద్దదిగా చూపేది, ముందు కటకం వెడల్పు 42 మిల్లీమీటర్లు) కొనండి. బజారులో చవగ్గా దొరికే 20×50లు చూసి మోసపోవద్దు. రెట్లు పెరిగేకొద్దీ చేతి వణుకూ పెరుగుతుంది. పైగా 50ని 20తో భాగిస్తే కంటికి చేరే వెలుగు వృత్తం 2.5 మిల్లీమీటర్లే. 8×42లో అది 5 దాటుతుంది. తెల్లవారుజామున ఆ తేడా బాగా తెలుస్తుంది. చిన్నపిల్లల కళ్ల మధ్య దూరం తక్కువ, కొనేముందు గొట్టాలు ఎంత దగ్గరకు ముడుచుకుంటాయో చూడాలి. తీరం తేమకు కటకాలు బూజు పడతాయి కాబట్టి సిలికా జెల్ పొట్లం వేసి బిగుతైన డబ్బాలో పెట్టాలి.

పత్రికలకూ ఒక విన్నపం. తేలినీలాపురం కొంగల్ని "సైబీరియా పక్షులు" అని రాయడం మానండి. అక్కడి పెలికాన్లు, స్టార్క్‌లు దక్షిణ, ఆగ్నేయ ఆసియా పక్షులే. పిల్లలు అదే చదివి అదే రాస్తున్నారు.

చివరిగా, స్కాలర్‌షిప్ సొమ్ములో కొంత క్యాంపు తర్వాతి ఏడాదికి అట్టిపెట్టాలి. బైనాక్యులర్లు పిల్లలు చదివే బడి లైబ్రరీలోనే ఉంచి, వారానికొకరికి రిజిస్టరులో రాసి ఇవ్వాలి. ఎవరి చుట్టుపక్కల పక్షుల్ని వాళ్లు లెక్కపెట్టి పంపే, ఫిబ్రవరిలో జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో వాళ్ల ఊరి లెక్క వాళ్లే పంపేలా చూడాలి. వేసవి క్యాంపుకు ప్రకటన జనవరిలోనే తెలుగు, ఒడియా రెండింటిలో బడులకు చేరాలి. పరీక్షల హడావిడిలో వచ్చిన కాగితం నోటీసు బోర్డు దాకా వెళ్లదు.

ఇట్లు,
పక్షి పరిశీలకులు,
ఇచ్ఛాపురం – బరంపురం