సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలకు మత్తడి కాపలా కావాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

హైదరాబాద్ చెరువుల సుందరీకరణ గురించి మీ పత్రికలో తరచుగా వస్తున్న వార్తలను శ్రద్ధగా చదువుతున్న పాఠకుడిగా, సరూర్‌నగర్ చెరువుకు దిగువన ఎంతోకాలంగా కాపురముంటున్న గృహస్థుడిగా ఈ లేఖ రాస్తున్నాను. కట్ట మీద నడకదారి, దీపాలు, పూలమొక్కలు వద్దనేవారు మాలో ఎవరూ లేరు. పొద్దున్నే అక్కడ నడిచే వృద్ధులకు అంతకంటే మంచి చోటు ఈ చుట్టుపక్కల లేదు కూడా. అయితే చెరువు నిండాక ఆ నీరు ఏ దారిన పోవాలి, ఆ దారిని ఎవరు చూసుకోవాలి అన్న ప్రశ్నకు జవాబు దొరికేదాకా మా ఇళ్లలో వానాకాలం నిశ్చింతగా గడవదు.

కుతుబ్‌షాహీల కాలంలో, 1626లో, సాగునీటి కోసం తవ్వించిన చెరువు ఇది. అప్పుడు కట్ట కింద పొలాలు ఉండేవి. ఇప్పుడు కోదండరాంనగర్, శీసాల బస్తీ వంటి కాలనీలు, బస్తీలు ఉన్నాయి. ఎగువన మీర్‌పేట, కర్మన్‌ఘాట్ వైపు నుంచి వచ్చే వాన నీరు ఇందులో చేరి, చెరువు నిండాక మిగులు నీరు బయటికి పోయే అలుగైన మత్తడి దూకి, చైతన్యపురి మీదుగా మూసీలో కలవాలి. పొలాలున్న రోజుల్లో మత్తడి దూకిన నీరు కాస్త అటూఇటూ పారినా ఒక మడి మునిగేది, అంతే. ఇళ్లు వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. ఎగువ కుంటలు పూడి, నేలంతా సిమెంటు అయ్యాక, గంటల తరబడి మెల్లగా రావలసిన వరద ఒక్కసారిగా చెరువులోకి వస్తోంది.

2020 అక్టోబరు 13న నగర శివార్లలో కొన్నిచోట్ల ఒక్కరోజులోనే 30 సెంటీమీటర్లకు మించి కురిసిన వాన ఏం చేసిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మా వైపు వీధుల్లో నీరు రోజుల తరబడి నిలిచిపోయి, జనాన్ని పడవల్లో బయటికి తేవలసి వచ్చింది. దానికి కొద్ది వారాల ముందే, సెప్టెంబరులో, స్కూటరుపై వెళ్తున్న ఒక మనిషి వీధిలోని వరద ఉద్ధృతికి కొట్టుకుపోయి ఈ చెరువులోనే విగతజీవుడై దొరికాడు. తర్వాత ప్రభుత్వం ముంపు కుటుంబాలకు పదివేల రూపాయల సాయం ప్రకటించింది. నగరంలో నాలాల, అంటే వాన నీటి కాలువల, విస్తరణకు ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టి, మా చెరువు నుంచి చైతన్యపురి వైపు కాంక్రీటు కాలువ కూడా చేపట్టింది. ఆ పని విలువను నేను తక్కువ చేయను. కానీ కాలువ ఎంత వెడల్పుగా కట్టినా, దాని ముఖద్వారంలో గుర్రపుడెక్క, ప్లాస్టిక్ చెత్త, పాత పరుపులు అడ్డం పడితే ఆ వెడల్పు కాగితం మీదనే మిగులుతుంది.

ఇక్కడి జీవనం ఎలా ఉంటుందో దూరాన ఉన్నవారికి తెలియడం కష్టం. జూన్ వచ్చిందంటే ఫ్రిజ్ కింద ఇటుకలు పెడతాం, ఇన్వర్టర్ బ్యాటరీని ఎత్తుకు మారుస్తాం, ఇంటి పత్రాలను, పిల్లల సర్టిఫికెట్లను కవర్లలో చుట్టి అటక మీద పెడతాం. రాత్రి మబ్బు కమ్మితే కార్లు, బైకులు తీసుకెళ్లి ఎత్తుగా ఉన్న పెద్దరోడ్డు పక్కన నిలిపి వస్తాం. అన్నిటికంటే పెద్ద భయం సంపుది. వరద నీటితో పాటు మ్యాన్‌హోళ్లు పొంగి ఆ మురుగు తాగునీటి సంపులో కలిస్తే, దాన్ని తోడి, కడిగి, బ్లీచింగ్ వేసి, మళ్లీ నింపుకునేదాకా ఇంటిల్లిపాదీ క్యాన్ నీళ్ల మీదనే బతకాలి. కింది వాటాలో అద్దెకున్నవాళ్లు ఒక వానాకాలం చూసి మరోచోటికి వెళ్లిపోతారు. ఆ అద్దె మీదే బతికే పింఛను లేని ముసలివాళ్లు ఎక్కడికి వెళ్తారు?

దీనికి తోడు ఇంకొక సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వి తీయకుండా దాని మీదే కొత్త పొర పోస్తున్నారు. కట్టినప్పుడు రోడ్డుకంటే మూడు మెట్లు ఎత్తున ఉన్న ఇళ్ల గడపలు ఈనాడు రోడ్డుతో సమానమయ్యాయి, కొన్ని కిందికి కూడా పోయాయి. యజమాని తప్పేమీ లేకుండానే అతని ఇల్లు గుంటలో పడింది. పాత పొరను తీసి అదే ఎత్తులో రోడ్డు వేయడం కొత్త విద్యేమీ కాదు. ఆ షరతును టెండరులో రాసి, పని జరిగేటప్పుడు దగ్గరుండి అమలు చేయించడమే కావాలి.

పూర్వం ప్రతి ఊరి చెరువుకూ ఒక నీరటి ఉండేవాడు. తూము ఎత్తడం, దించడం, కట్టకు గండి పడకుండా చూడటం, మత్తడి దగ్గర అడ్డు తీయడం అతని బాధ్యత, అతని పేరు ఊరందరికీ తెలుసు. ఇప్పుడు చెరువు ఒక శాఖ రికార్డుల్లో, పార్కు ఇంకొకరి నిర్వహణలో, మురుగు పైపులు జలమండలి కింద ఉంటే, అర్ధరాత్రి మత్తడి దగ్గర చెత్త అడ్డం పడిందని చెప్పడానికి మేము ఎవరిని పిలవాలి? ఫోను చేసిన ప్రతి చోటా ‘అది మా పరిధి కాదు’ అన్న మాటే మా కాలనీవాసులు విన్నారు.

చేయలేరని నేను అనను. గణేశ్ నిమజ్జనం నాడు ఇదే కట్ట మీద క్రేన్లు, గజ ఈతగాళ్లు, పోలీసులు, పారిశుద్ధ్య సిబ్బంది, విద్యుత్ సిబ్బంది అందరూ రేయింబవళ్లు ఒక్కటై పనిచేయడం ఏటా చూస్తున్నాం. అంత సమన్వయంలో కొంత భాగం జూన్ నుంచి అక్టోబరు దాకా మత్తడి దగ్గర ఉంటే చాలు.

చెరువు హద్దుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2012 నాటి 168వ నంబరు ఉత్తర్వు ప్రకారం నగరంలో పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు బఫర్ జోన్, అంటే ఇళ్లు కట్టకూడని మేర. చెరువును పూడ్చి కట్టినవాటిని తొలగించాల్సిందే, అందులో మాకు సందేహం లేదు. కానీ 2024లో చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడినప్పటి నుంచి, అనుమతులతో కట్టుకుని, ఏళ్ల తరబడి పన్ను కడుతున్నవారు సైతం తమ ఇల్లు గీతకు ఏ పక్కన ఉందో తెలియక ఆందోళన పడుతున్నారు. సర్వే నంబర్ల వారీగా హద్దుల పటాన్ని వార్డు కార్యాలయం గోడ మీద తెలుగులో పెట్టి, చెరువు చుట్టూ హద్దురాళ్లు పాతితే ఆ ఆందోళనా తగ్గుతుంది, కొత్తగా పూడ్చేవారికి సాకూ ఉండదు.

వచ్చే వానాకాలానికి ముందే, మే నెలాఖరుకల్లా మత్తడి నుంచి మూసీ దాకా పూడిక తీయించి, ఆ పనిని కాలనీ సంఘాల సమక్షంలో తనిఖీ చేయించాలని అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. కట్ట మీద అందరికీ కనబడేలా నీటిమట్టం కొలబద్ద ఒకటి నిలబెట్టి, నీరు మత్తడి ఎత్తుకు అడుగు దూరంలోకి రాగానే దిగువ వీధుల్లో మైకులో చెప్పించాలి. ఆ కొలబద్ద పక్కనే, మత్తడికీ నాలాకూ బాధ్యుడైన ఒక్క అధికారి పేరు, రాత్రివేళ కూడా పలికే ఒక్క ఫోను నంబరు రాయించాలి.

భవదీయుడు,
సరూర్‌నగర్ నివాసి,
హైదరాబాద్