మళ్లీ వచ్చిందిరా

ఒరేయ్ సత్తీ,

నీ ఉత్తరానికి ఇన్నాళ్లూ జవాబు రాయలేదు, ఏమనుకోకు. అమ్మ మోకాళ్లు పర్లేదు, కోతలు అయిపోయాయి. లాంచీ సూర్రావు కనిపించి నిన్ను అడిగాడు. ఏమని అడిగాడో నీకు వేరే చెప్పాలా!

అసలు సంగతి చిన్నిదిరా. దాని మెదడులో ఆ రక్తనాళాల చిక్కు, ఏవీఎం, మళ్లీ వచ్చింది.

పదేళ్లప్పుడు బడిలో తలనొప్పితో పడిపోయింది కదా, అదే. ధమనిలో రక్తం సన్నటి కేశనాళికల్లో నెమ్మదించి సిరలోకి పోవాలి. దీనికి ఆ చోట కేశనాళికలే లేవు, ధమని జోరంతా నేరుగా సిర మీద పడుతుంది. గామా నైఫ్ చేయించాం, కోత లేకుండా ఆ చోటికే రేడియేషన్ ఇవ్వడం. ఫ్రేమ్ బిగించినచోట నుదుటి మీద రెండు చుక్కలు పడ్డాయి, వాటిని ఇప్పటికీ నువ్వు పెట్టిన పేరుతోనే పిలుస్తుంది. రేడియేషన్‌కి నాళాల గోడలు మెల్లగా మందమై రెండు మూడేళ్లకి మూసుకుపోతాయన్నారు. మూసుకుపోయాయి కూడా. యాంజియోగ్రామ్ చూసి పూర్తిగా పోయిందంటే చెల్లి అన్నవరంలో వ్రతం చేసుకుంది. ఆ రోజు నువ్వూ ప్రసాదం... సరే, ఇప్పుడొద్దులే.

ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. మొన్న చదువుకుంటూ ఉండగా ఫిట్స్ వచ్చింది. మళ్లీ యాంజియోగ్రామ్. డాక్టరుగారు పెన్ను కొనతో తెర మీద చూపించారు: మందు ఎక్కించగానే ముందు ధమని నల్లబడాలి, సిర తర్వాత. ఇక్కడ ధమనితోపాటే ఒక సన్నటి సిర కూడా నల్లబడిపోయింది. అది చూసి నా కాళ్లు వణికాయిరా.

పూర్తిగా మూసుకున్నాక మళ్లీ రావడం అరుదేనట. పెద్దవాళ్లకన్నా పిల్లల్లో ఎక్కువ చూస్తామన్నారు, వాళ్ల నాళాలు ఇంకా ఎదుగుతుంటాయి కదా. మరి అప్పుడు మాకెవరూ ఆ ముక్క ఎందుకు చెప్పలేదు? ‘పోయింది, ఇక రానక్కర్లేదు’ అని పంపేశారే! పెద్దయ్యేదాకా అప్పుడప్పుడు స్కాన్ తీయిస్తూ ఉండమంటే తీయించేవాళ్లం కాదా? తలచుకుంటే ఒళ్లు మండిపోతోంది.

అదృష్టంకొద్దీ రక్తం కారలేదు. చిన్నదే కాబట్టి మళ్లీ గామా నైఫ్ చేయొచ్చు, పైపైనే ఉంది కాబట్టి ఆపరేషన్ చేసి తీసేయనూ వచ్చు. రేడియేషన్ అయితే మూసుకునేదాకా రక్తస్రావం భయం ఉంటూనే ఉంటుంది. ఆపరేషన్ అయితే ఆ ఎదురుచూపు ఉండదు, కానీ తల తెరవాలి. చెల్లి రేడియేషనే అంటోంది. చిన్ని మాత్రం, ‘మామయ్యా, ఇంకో మూడేళ్లు అందరూ నా మొహం వంకే చూస్తుంటే నేనుండలేను, తీసేయమను’ అంది. దాని మాటే నాకు సబబనిపిస్తోంది. నువ్వేమంటావు? నువ్వు చెబితే చెల్లి వింటుంది, ఒకసారి ఫోన్ చెయ్యి. పరీక్షల సంగతి కూడా...

చెల్లి పిలుస్తోందిరా, రిపోర్టులు పట్టుకుని లోపలికి రమ్మంటున్నారట. మిగతాది

నీ
బుజ్జి