కారు ట్రైలర్‌కు నంబరు ఎవరిస్తారు?

సంపాదకుడు గారికి,

ట్రాక్టర్ ట్రక్కులు తయారుచేసే మా ఊరి వెల్డింగ్ షాపులో మొన్న చిన్న కారుకు తగిలించే రెండు చక్రాల ట్రైలర్ చూశాను. కూరగాయల ట్రేలు వేసుకోవడానికి ఒక రైతు చేయించుకున్నాడు. ఇనుప యాంగిళ్ల చట్రం, కింద కుదుపులు ఆపే కమాన్ కట్టలు, హుక్కు ఊడినా బండి విడిపోకుండా గొలుసు. పనితనానికి వంక పెట్టలేం. నంబరు మాత్రం లేదు. రవాణా శాఖ ఆఫీసులో అడిగితే తయారుచేసిన కంపెనీ కాగితాలు తెమ్మన్నారట. సొంతంగా చేయించుకున్నదానికి కంపెనీ ఎక్కడిది?

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కకూడదు. బ్రిటన్‌లో సరుకుతో కలిపి 750 కిలోల లోపు ట్రైలర్‌కు సొంత బ్రేకులు అక్కర్లేదు, కానీ బ్రేకులు లేనిది కారు బరువులో సగం దాటకూడదు. దాని వెనక కారు నంబరే వేస్తారు. మన రోడ్ల మీద అంత సడలింపు నేను కోరను. రాత్రిపూట వెనక లైటు లేని ట్రక్కులను గుద్దుకుని జనం పోతున్న వార్తలు మీ పత్రికలోనే చదువుతున్నాం. పైగా బరువంతా వెనక్కి వేస్తే ట్రైలర్ అటూ ఇటూ ఊగి కారునే పక్కకు లాగేస్తుంది.

అందుకే వెల్డింగు, హుక్కు, గొలుసు, లైట్లు, మోయగల బరువు చూసి జిల్లాలోనే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ నంబరు ఇచ్చే పద్ధతి పెట్టాలి. ఫీజు కట్టడానికి ఆ రైతు సిద్ధంగానే ఉన్నాడు.

– ఒక పాఠకుడు, సిద్దిపేట జిల్లా