వెంటిలేటర్ తీసే నిర్ణయానికి లెక్క ఎవరు చూస్తున్నారు?

గౌరవనీయులైన తెలంగాణ వైద్య, ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

హైదరాబాద్ ఐసీయూల్లో, పాలియేటివ్ కేర్‌లో (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే వైద్యంలో) పనిచేసే డాక్టర్లం, నర్సులం రాస్తున్న లేఖ.

కోలుకునే ఆశ లేని రోగికి ప్రాణాధార చికిత్స ఆపడానికి సుప్రీంకోర్టు 2018లో దారి చూపింది. 2023 జనవరి 24న దాన్ని కొంత సులువు చేసింది. (ప్రాణం తీసే సూది వేయడం మన దేశంలో నేరమే. ఆ సంగతి కాదిది.) చికిత్స చేస్తున్న డాక్టరు, కనీసం అయిదేళ్ల అనుభవమున్న ఇద్దరు స్పెషలిస్టులు కలిస్తే ప్రైమరీ బోర్డు. వీళ్లు కాని మరో ఇద్దరు స్పెషలిస్టులు, జిల్లా వైద్యాధికారి నామినేట్ చేసిన ఒక డాక్టరు కలిస్తే సెకండరీ బోర్డు. ఒక్కో బోర్డూ వీలైతే 48 గంటల్లో తేల్చాలి. ఆ తర్వాత మేజిస్ట్రేట్‌కు తెలిపి చికిత్స ఆపాలి.

కీలకమంతా ఆ నామినీ దగ్గరే ఉంది. రెండు బోర్డులూ వేసేది ఆసుపత్రే. మిగతా అయిదుగురూ అక్కడి ఉద్యోగులే కావచ్చు, తీర్పు అడ్డు చెప్పదు. బయటి కన్ను ఈ ఒక్కటే. జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసు ఒక్కో కేసుకూ ఫైలు నడిపి పేరిస్తే, శనివారం సాయంత్రం అడిగింది సోమవారం దాకా కదలదు. ఈలోగా బిల్లు పెరుగుతుంది. ఇంటివాళ్లు ‘లామా’ కాగితం మీద, అంటే డాక్టర్లు వద్దన్నా మేమే తీసుకెళ్తున్నామని, సంతకం పెట్టేస్తారు. అంబులెన్సులో ఆంబూ బ్యాగు, అంటే చేత్తో ఊపిరి అందించే సంచి, నొక్కుకుంటూ ఊరికి తీసుకెళ్లి, ఇంటి దగ్గర ట్యూబు తీయిస్తారు. అక్కడ బాధ, ఆయాసం తగ్గించే మార్ఫిన్ ఉండదు. ఎగశ్వాస మొదలైతే చూసే నర్సూ ఉండదు. కేస్‌షీటులో మాత్రం మనిషి ప్రాణాలతో డిశ్చార్జి అయినట్టే! తప్పుడు నిర్ణయాలు దాక్కునేది కూడా ఈ లామా చాటునే.

అందుకే ప్రతి జిల్లాకూ నామినీల జాబితా ముందే తయారుచేసి, రాత్రిపూట, సెలవుల్లో ఎవరిది డ్యూటీయో ఫోన్ నంబరుతో సహా ఆసుపత్రులకు ఇవ్వండి. ఆ ఆసుపత్రిలో కన్సల్టెంటుగా చేసేవారినీ వాటా ఉన్నవారినీ అక్కడికి పంపకండి. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలోనే ఈ తీర్పు అమలుకు సర్క్యులర్ ఇచ్చింది.

ఇక రికార్డు. నామినీ రోగి మంచం దగ్గరికి ఎన్నింటికి వచ్చారు, ఏ పరీక్షలు చూశారు, బోర్డులో ఎవరు ఒప్పుకోలేదు, వెంటిలేటర్‌తో పాటు ఇంకేం ఆపారు, మార్ఫిన్, మత్తునిచ్చే మిడజోలం ఎంత, ఎప్పుడు ఇచ్చారు, ఆ రోజుకు బిల్లు బాకీ ఎంత: ఇవన్నీ ఒకే పేజీలో పడతాయి. బాకీ సంగతి అడగడం కొందరికి ఇబ్బందిగా ఉంటుంది, అయినా అడగాల్సిందే. ఫారం చేతులు మారుతూ సంతకాలు పోగేసుకునే అలవాటుకు మందు, నామినీ మంచం దగ్గరికి ఎన్నింటికి వచ్చారో రాసే ఆ మొదటి గడే. కారుణ్య మరణానికి 2002 నుంచి చట్టం ఉన్న నెదర్లాండ్స్‌లో ప్రతి కేసునూ న్యాయవాది, డాక్టరు, నైతికశాస్త్ర నిపుణులున్న ప్రాంతీయ కమిటీ తర్వాత పరిశీలిస్తుంది. మనకూ అలాంటి సమీక్ష కావాలి. లామా మీద వెళ్లిన వెంటిలేటర్ రోగుల సంఖ్యను కూడా ప్రతి ఆసుపత్రీ నెలనెలా మీ శాఖకు పంపాలి.

లివింగ్ విల్ (కోలుకోలేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే పత్రం) సంగతి చిన్నదే. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం అయ్యాక ఒక ప్రతి స్థానిక సంస్థకు చేరాలి. నగరంలో దాన్ని ఏ ఆఫీసులో, ఏ కౌంటర్లో తీసుకుంటారో మున్సిపల్ శాఖతో మాట్లాడి ప్రకటించండి. అర్ధరాత్రి ఐసీయూ నుంచి ఫోన్ వస్తే ఆ కాగితం అసలుదో కాదో చెప్పే మనిషి కూడా అక్కడ ఉండాలి.

ఇట్లు,
ఐసీయూ, పాలియేటివ్ కేర్ వైద్య సిబ్బంది,
హైదరాబాద్