బాక్సు బిగించి వెళ్తే సరిపోదు

సంపాదకులు గారికి నమస్కారాలు.

ఇంట్లో ఇంటర్నెట్ సరిగా రావడం లేదంటూ పాఠకులు మీ పత్రిక జిల్లా పేజీకి రాసే ఉత్తరాలను నేను శ్రద్ధగా చదువుతుంటాను. వారి ఇబ్బంది నిజమే గానీ, తప్పంతా లైనుదేనన్న మాటతో మాత్రం ఏకీభవించలేకపోతున్నాను. ఏడాది కాలంలో మా ఇంట్లో నెట్ నాలుగుసార్లు మొరాయించింది. అందులో లైను తెగింది ఒక్కసారే, అదీ కరెంటు స్తంభం నుంచి మా డాబా మీదికి వచ్చే తీగను కోతులు ఊయల చేసుకోవడం వల్ల. మిగిలిన మూడూ మా ఇంటి గోడల మధ్య పుట్టినవే. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన మనిషి వైఫై ఇచ్చే బాక్సు, అంటే రౌటర్, బిగించి, దాని పక్కనే నిలబడి తన ఫోనులో స్పీడు చూపించి, సంతకం పెట్టించుకుని పావుగంటలో వెళ్లిపోయాడు. లాప్‌టాప్ ఎక్కడ పెట్టుకుంటారని అడగలేదు, రౌటర్ సెట్టింగుల పాస్‌వర్డ్ చెప్పలేదు. మా మూడు తిప్పలకూ మూలం అక్కడే ఉందని తర్వాత తెలిసింది.

గిర్మాజీపేటలో మాది తాతల నాటి ఇల్లు. కింది భాగం రాయి, సున్నంతో కట్టింది, గోడలు రెండడుగుల మందం. పైన రెండు అర్రలు మేము తర్వాత వేసుకున్నవి. తీగ వీధి దర్వాజ మీదుగా లోపలికి వచ్చింది కనుక బాక్సును కూడా ఆ పక్క సజ్జ మీదే పెట్టేశారు. దాని ముందు ఇనుప బీరువా. చలికాలమంతా ఎలాగో నెట్టుకొచ్చాం. మార్చి నెలాఖరులో కిటికీ దగ్గర కూలర్ పెట్టిన రోజు నుంచి లోపలి గదిలో లాప్‌టాప్‌కు సిగ్నల్ ఒక్క గీతకు పడిపోయింది. ముప్పై ఏళ్లు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాడిని, అయినా నాకు వెంటనే తట్టలేదంటే సిగ్గుగానే ఉంది. కూలర్ ఇనుప డబ్బా తరంగాలను వెనక్కి కొడుతుంది, అందులోని నీళ్లు వాటిని పీల్చుకుంటాయి. బాక్సును సజ్జ మీది నుంచి దించి, నడిమి హాలులో మనిషి ఎత్తున గోడకు చెక్క బిగించి పెట్టించాను. మరో పది మీటర్ల తీగ తప్ప ఖర్చేమీ కాలేదు. ఆ తీగ సన్నని గాజు పోగు కనుక మూలల్లో మడత పడకుండా గుండ్రంగా తిప్పమని మాత్రం గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మడిచి మేకు కొడితే వెలుగు అక్కడే కారిపోతుంది.

రెండో ఇబ్బంది లాప్‌టాప్ వయసుతో వచ్చింది. ఇప్పటి బాక్సులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు పౌనఃపున్యాల్లో వైఫై ఇస్తాయి. మొదటిది నెమ్మది, కానీ గోడలు దాటి దూరం పోతుంది. రెండోది వేగం, కానీ మా రాతి గోడ ఒక్కటి అడ్డం వస్తే నీరసిస్తుంది. నేను 2013లో కొన్న లాప్‌టాప్‌కు మొదటిది తప్ప రెండోది కనిపించనే కనిపించదు. కంపెనీవారు పాత బాక్సు తీసి కొత్తది పెట్టిన సాయంత్రం, మా అమ్మాయి ఆఫీసు లాప్‌టాప్ క్షణంలో కలిసింది. నాదానిలో మాత్రం వైఫై పేరు కనిపిస్తున్నా, పాస్‌వర్డ్ అక్షరం అక్షరం సరిచూసి కొట్టినా, కనెక్ట్ కావడం లేదన్న మాటే వచ్చింది. లాప్‌టాప్ పాడైందనుకుని హన్మకొండ చౌరస్తాలో ఒక దుకాణానికి మోసుకెళ్తే, వైఫై కార్డు మార్చాలన్నారు. అసలు కారణం వేరు. కొత్త బాక్సులో భద్రత పద్ధతిని డబ్ల్యూపీఏ3 ఒక్కదానికే పరిమితం చేసి పెట్టారు. అది 2018లో వచ్చిన పద్ధతి, నా లాప్‌టాప్‌కు అంతకుముందుదైన డబ్ల్యూపీఏ2 వరకే తెలుసు. సెట్టింగుల్లోకి వెళ్లి రెండూ కలిసి ఉన్న పద్ధతిని ఎంచుకుంటే సరిపోతుంది. కానీ వెళ్లడానికి పాస్‌వర్డేదీ? బాక్సు అడుగున చీటీ మీద ఉన్నదాన్ని కంపెనీవారు మార్చేశారు, మార్చింది మాకు చెప్పలేదు. మూడు రోజులు ఫోన్లు చేస్తే గానీ ఆ పది అక్షరాలు చేతికి రాలేదు. అవి దొరికాక పని రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

అన్నిటికంటే ఎక్కువ బుర్ర తిన్నది మూడోది. మీద అర్రలో కూర్చుని ఆఫీసు పని చేసుకునే మా అమ్మాయి కోసం బజారులో ఇంకో రౌటర్ కొని, కింది బాక్సు నుంచి మెట్ల పక్కగా లాన్ కేబుల్ లాగి, పై రౌటర్ వెనక రంగు వేరుగా ఉన్న వాన్ (WAN) రంధ్రంలో, అంటే బయటి నెట్‌ను లోపలికి తీసుకునే రంధ్రంలో పెట్టాం. లాప్‌టాప్ కొత్త వైఫైకి కలిసింది, ఇంటర్నెట్ మాత్రం లేదంది. రెండు రాత్రులు తల బద్దలు కొట్టుకున్నాక తేలిందేమిటంటే, కింది బాక్సు చిరునామా 192.168.1.1, పైదాని చిరునామా కూడా అదే. ఒకే వాడలో రెండిళ్లకు ఒకే నంబరుంటే పోస్ట్‌మ్యాన్ పడే అవస్థే పై రౌటర్ పడింది. పైదాన్ని 192.168.2.1 చేయగానే నెట్ వచ్చింది, కానీ అమ్మాయి లాప్‌టాప్ ఎంత వెతికినా హాలులోని ప్రింటర్ దొరకలేదు. పై రౌటర్ తన వాడను వేరుగా కట్టుకుంది కదా! చివరికి దాన్ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే కింది బాక్సు నెట్‌నే వైఫైగా అందించేదిగా మార్చాం. ఆ పేరుతో ఏర్పాటు లేని రౌటర్లలో కూడా ఇది చేసుకోవచ్చు. అందులో డీహెచ్‌సీపీని, అంటే లాప్‌టాప్‌లకూ ఫోన్లకూ చిరునామాలు పంచే పనిని ఆపేయాలి. దానికి కింది బాక్సు వాడలోదే అయినా అది ఎవరికీ పంచని ఒక చిరునామా ఇచ్చి, కేబుల్‌ను వాన్ రంధ్రం నుంచి తీసి మామూలు లాన్ (LAN) రంధ్రంలో పెట్టాలి. ఇప్పుడు ఇల్లంతా ఒకే వాడ, చిరునామాలు పంచే పెద్దమనిషి కింద ఒక్కడే. పై రౌటర్‌కు మేమిచ్చిన చిరునామాను దాని వీపు మీదే రాసి అంటించాం, లేకపోతే దాన్ని మళ్లీ తెరవడం కష్టం.

ఫిర్యాదు చేసే ముందు పాఠకులు చూసుకోవాల్సినవి నాకు తెలిసినంతలో ఎక్కువేం లేవు. బాక్సు మీద లాస్ (LOS) అని రాసి ఉన్న చోట ఎర్ర లైటు వెలిగితే వెలుగు లోపలికి రావడం లేదని అర్థం. అప్పుడు బాక్సును ఎన్నిసార్లు ఆపి మళ్లీ వేసినా లాభం లేదు, కంపెనీ మనిషి రావాల్సిందే. ఎర్ర లైటు లేకపోతే, లాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా బాక్సుకు కలిపి చూడాలి. కేబుల్‌తో బాగా వచ్చి వైఫైలో రాకపోతే గొడవ గాలిలో ఉంది. విండోస్ లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్‌ఫిగ్ (ipconfig) అని కొట్టినప్పుడు 169.254తో మొదలయ్యే చిరునామా కనిపిస్తే, బాక్సు దానికి చిరునామానే ఇవ్వలేదన్నమాట. దానికి వీధిలోని లైనును తిట్టి ప్రయోజనం లేదు. బాలసముద్రం, నక్కలగుట్ట వైపు అపార్టుమెంట్లలో ఉండేవారికి ఇంకొకటి చెప్పాలి. లాప్‌టాప్‌లో ఇరుగుపొరుగు వైఫై పేర్లు ఇరవై దాకా కనిపిస్తున్నాయంటే 2.4 గిగాహెర్ట్జ్‌లో అందరూ ఒకరి మీద ఒకరు మాట్లాడుతున్నట్టే. అందులో ఒకదానితో ఒకటి తగలని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే కనుక, వాటిలో రద్దీ తక్కువ ఉన్నదాన్ని ఎంచుకోవాలి, లేదా 5 గిగాహెర్ట్జ్‌కు మారాలి.

స్పీడు విషయంలో కంపెనీని అన్యాయంగా నిందించిన సందర్భం కూడా ఒకటుంది. కాజీపేటలో ఉండే నా పాత సహోద్యోగి 200 ఎంబీపీఎస్ (సెకనుకు 200 మెగాబిట్లు) ప్లానుకు డబ్బు కడుతున్నా, లాప్‌టాప్‌లో 94 దాటడం లేదని ఏడాదిపాటు పోట్లాడారు. నేను వెళ్లి చూస్తే కేబుల్ కొసన ప్లగ్గులో ఎనిమిది పోగుల్లో ఒకటి ఊడి ఉంది. వాటిలో నిర్ణీతమైన నాలుగు పోగులు సరిగా ఉంటే నెట్ ఆగదు గానీ 100 దగ్గర కట్టు పడుతుంది. ప్లగ్గు కొత్తది వేయించుకోగానే 190 దాటింది. ఇక ఫైలు సెకనుకు 12 మెగాబైట్లే దిగుతోందని వాపోయే 100 ఎంబీపీఎస్ వినియోగదారులకు అన్యాయమేమీ జరగలేదు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు, భాగించి చూసుకుంటే లెక్క సరిపోతుంది.

ఇవన్నీ ప్రతి ఇంటివారూ నేర్చుకోవాలనడం నా ఉద్దేశం కాదు. మడికొండ ఐటీ పార్కు దాకా పోనవసరం లేకుండా ఇంటి నుంచే పని చేసుకునే పిల్లలు, లాప్‌టాప్ మీద పాఠాలు వినే విద్యార్థులు మన ఊళ్లో వాడవాడకూ ఉన్నారు. వాళ్లు కూర్చునే గదిలో, వాళ్ల లాప్‌టాప్‌లోనే స్పీడు చూపించిన తర్వాతే సంతకం అడగాలని కనెక్షన్ ఇచ్చే సంస్థలన్నిటినీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వైఫై పేరు, పాస్‌వర్డ్, రౌటర్ సెట్టింగుల చిరునామా, దాని పాస్‌వర్డ్, లైను లాగిన్ పేరు రాసిన కాగితం ఒకటి ఆ రోజే ఇంటివారి చేతిలో పెట్టాలి. సెట్టింగుల పాస్‌వర్డ్ కంపెనీ రహస్యమని వాదించేవారు, కనీసం భద్రత పద్ధతినీ ఛానల్‌నూ మార్చుకునే వీలైనా ఇంటివారికి ఉంచాలి. ఇక ఫోనులో చెప్పిన ఫిర్యాదుకు డాకెట్ నంబరు అడిగి రాసుకోవడం వినియోగదారులు మరవకూడదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన ఫిర్యాదుల నిబంధనల ప్రకారం, కాల్ సెంటర్ పరిష్కారం తృప్తికరంగా లేకపోతే ఆ నంబరు ఆధారంగానే అదే సంస్థలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీ దగ్గరికి వెళ్లవచ్చు. ఆ పది అక్షరాల కోసం నేను మూడు రోజుల్లో చేసిన ఫోన్లలో ఒక్కదానికీ నంబరు రాసుకోలేదు.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
గిర్మాజీపేట, వరంగల్.