ఎలక్ట్రిక్ బస్సులు ముందు ఆసుపత్రుల రూట్లలో వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పీఎం ఈ-డ్రైవ్ అనే కేంద్ర పథకం కింద హైదరాబాద్‌కి 2,000 ఎలక్ట్రిక్ బస్సులు ఇస్తామని 2025లో కేంద్రం చెప్పింది కదా, నేను అడిగేది ఆ బస్సుల గురించే. వచ్చిన బస్సు వచ్చినట్టు ముందు ఏ రూట్లో వేస్తారండీ? ఐటీ కారిడార్‌కి వేస్తే బాగానే ఉంటుంది, కాదనను, కానీ గాంధీ, ఉస్మానియా, నిమ్స్, ఎర్రగడ్డ ఛెస్ట్ హాస్పిటల్ వైపు పోయే రూట్లకి ముందు వెయ్యండి. ఛెస్ట్ హాస్పిటల్‌కి పోయేదే ఊపిరి ఆడనివాళ్ళు, వాళ్ళు చూపించుకుని బయటికొచ్చి మళ్ళీ మెయిన్‌రోడ్డు మీద పొగలోనే బస్సు కోసం నిలబడాలి, ఇదేం న్యాయం?

మా అత్తగారికి 70 దాటాయి, సీఓపీడీ, అంటే ఊపిరి సరిగ్గా ఆడనివ్వని దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు ఉంది. చలికాలం వచ్చిందంటే నెబ్యులైజర్ పెట్టనిదే రాత్రి నిద్రపోలేదు. చెకప్‌కి తీసుకెళ్ళినప్పుడల్లా చూస్తుంటాను, స్టాప్‌లో డీజిల్ బండి ఇంజిన్ ఆపకుండా అలా నిలబెట్టేస్తారు, వెనక ఇంకోటి, దాని వెనక ఆటోలు, ఆమె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దగ్గుతూనే ఉంటుంది. బస్సొచ్చాక అదో కష్టం, మెట్టు మోకాలెత్తు ఉంటుంది, రెండు చేతులతో రాడ్ పట్టుకుని ఎక్కేలోపే విజిల్ వేస్తారు. అందుకే చెప్తున్నా, కొత్తవి లో ఫ్లోర్ బస్సులే కొనండి, పొగ రాని బస్సయినా పెద్దవాళ్ళు ఎక్కలేకపోతే చివరికి ఆటోనే మాట్లాడుకుంటారు.

పెద్దవాళ్ళకే ఎందుకు ఇంత ఇబ్బంది అంటే, పొగలో ఉండే పీఎం 2.5 అనే సన్నటి కణం వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతే ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లోనే ఆగిపోదు, కొంత రక్తంలోకి కూడా పోతుంది, గుండెపోటుకీ పక్షవాతానికీ అదో కారణం. వయసు పైబడ్డాక ఊపిరితిత్తుల్లో బలం తగ్గుతుంది, పైగా బీపీ, షుగర్ ఎలాగూ ఉండనే ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో క్యూబిక్ మీటర్ గాలిలో ఈ పీఎం 2.5 ఏడాది సగటు 5 మైక్రోగ్రాములు దాటకూడదంది, మనం మాత్రం 2009లో పెట్టుకున్న 40 దగ్గరే ఉన్నాం. ఎనిమిది రెట్లు! అంటే మన లెక్కలో గాలి బాగుందని రాసిన రోజు కూడా మా అత్తగారికి బాగున్నట్టు కాదు.

ఇంకోమాట, డాక్టర్లు వాకింగ్ చెయ్యమంటే మనవాళ్ళు చీకటితోనే లేచి మెయిన్‌రోడ్డు పక్కన నడుస్తారు. చలికాలంలో ఆ టైంలో పొగ పైకి పోదు, చల్లగాలి కిందే పట్టి ఉంచుతుంది, ఎండ కాస్త ఎక్కాకే చెదురుతుంది. దయచేసి మీ ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పండి, ఎండొచ్చాక లోపలి వీధుల్లోనో పార్కులోనో నడవమనండి.

ఎలక్ట్రిక్ బస్సులొస్తే అంతా అయిపోతుందని కాదు, టైర్ల నుంచి, బ్రేకుల నుంచి, రోడ్డు మీద నుంచి దుమ్ము లేస్తూనే ఉంటుంది, చెత్త తగలబెట్టడం ఎటూ ఉంది. కానీ కొత్త బస్సులొచ్చేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది, ఆసుపత్రుల ముందు స్టాపుల్లో బండి నిలబడినప్పుడల్లా ఇంజిన్ ఆపెయ్యాలని ఆర్డర్ ఇవ్వండి, ట్రాఫిక్ పోలీసులతో గట్టిగా చూడమనండి. దీనికి టెండర్ అక్కర్లేదు, పైగా డీజిల్ మిగులుతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హైదరాబాద్